కుడి దిక్కు నుంచి

ఖురుమ్‌ల ఒక విల్లా వెనక
చెత్తడబ్బాల దొరికింది ఆ పుస్తకం,
సగం కోసిన పుచ్చకాయ కింద, తడిసి.
లింబాద్రి దాన్ని అంగీకి తుడిచి
బండి వెనక ఒంటిచేత్తో వేలాడుకుంట
ఘలా క్యాంపు దాకా సంకల పెట్టుకొచ్చిండు,
ఎవరో పారేసిన కోడిపిల్లను తెచ్చినట్టు.

అరబ్బీ అక్షరం మా గదిల ఎవరికీ రాదు.
బొమ్మలైతే అందరికీ వచ్చు.
ఏసీ నీళ్లు బకెట్ల టపటపమంటుంటే
ఎనిమిదిమందిమి కింది మంచం చుట్టూ చేరి
మొదటి పేజీ తెరిచినం.

తెరవంగనే అందరూ ఇల్లు చేరి ఉన్నరు.
గాడిద, నక్క, కుంటి మేక,
ఒంటినిండ ముళ్లున్న ఎలుకంత జీవి
(పేరు మీద అరగంట కొట్లాట, తేలలే)
ఖర్జూరం చెట్టు కింద ఒకే తొట్టిల
మూతులు పెట్టి తాగుతున్నయి.
"గింత జల్ది సుఖమా?" అన్నడు దేవన్న.
"ఇగ ముందున్నయి దెబ్బలు."

అట్లనే అయింది.
పేజీ తిప్పినకొద్దీ ఇసుక.
మేక కుంటు మాయమైంది, ఎట్లనో తెల్వది.
గాడిద మీది తోలుసంచి
ఎడారిల నడిచినకొద్దీ నిండుతున్నది.
నీళ్లు ఎక్కడియిరా అంటే
"అవి నీళ్లు కావు, మిత్తి" అన్నడు రాజలింగం.
ఎవ్వరం కాదనలే.

నడుమ పేజీల డేగ.
కళ్లకు తోలుగంతలు, ఎవరిదో పిడికిలి మీద కూర్చుంది.
ఫోర్మనే అని నవ్వినం.
తర్వాత నవ్వు ఆగి,
గంతల లోపట అది కండ్లు తెరుచుకుంటదా మూసుకుంటదా అని
చానాసేపు మాట్లాడుకున్నం.

ముళ్లజీవి ముడుచుకుంటే బతుకుతది,
దుప్పట్ల షఫీకుల్ లెక్క.
నక్క మా వీసా ఏజెంటు.
మొదట గాడిద వీపుకు వీపు ఆనించి పండింది,
ఆఖరుకు పండ్లు చూపెట్టింది.
ఆర్మూర్ బస్టాండు కాడ ఉప్మా తినిపించినోడే కదా
తర్వాత ఫోన్ ఎత్తంది.

చివరి బొమ్మల గాడిద ఒక్కతే ఉన్నది,
బాయి పక్కన, రాటకు కట్టేసి.
అక్కడికి పుస్తకం అయిపోయింది.
మాకెవరికీ అది అబద్ధమనిపించలే.
పదకొండు రాత్రులు అదే కథ చెప్పుకున్నం.

పన్నెండో రాత్రి ఉప్పు అడగడానికొచ్చిండు
బండి నడిపే సూడానీ ఇద్రీస్.
మా వేళ్లు ఎటు నడుస్తున్నయో చూసి
తలుపు పట్టుకొని నవ్విండు.
పుస్తకం తీసుకొని, బోర్లా తిప్పి,
కుడి దిక్కు నుంచి తెరిచిండు.

ఇప్పుడు ముందే రాట. ముందే గాడిద.
పండ్లు చూపెట్టిన నక్కనే తాడు కొరికింది.
డేగ పేజీ డేగ పేజీ లెక్కనే ఉంది, ఎటునుంచొచ్చినా నడుమనే.
దారిల మేక కాలు విరిగింది,
సంచి ఖాళీ అయింది,
ఎవరూ ఎవరినీ వదిలిపెట్టలే.
పదకొండు రాత్రులు మేం మొదలనుకున్న తొట్టి
చిట్టచివర, నీళ్లతోని.

దేవన్న గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
"పిల్లల కోసం రాసిండ్రు" అన్నడు అటునుంచే.
లింబాద్రి మాత్రం ఆఖరి పేజీ మీద వేలు పెట్టి
వచ్చీరాని హిందీల అడిగిండు,
మేక కాలు నయమైందా అని.
ఇద్రీస్ కింద రాసింది రెండుసార్లు చదివిండు.
"లేదు. కుంటుకుంటనే వచ్చి తాగింది."
లింబాద్రి తలూపిండు,
లెక్క సరిపోయినోని తీరుగ.

ఉప్పు మరిచిపోయి పోయిండు ఇద్రీస్.

దీపం ఆర్పినంక పైమంచం మీద
రాజలింగం గొంతు, ఫోన్ల, మెల్లగ:
"మొన్న చెప్పిన కథ మరిచిపో బిడ్డా,
ఉల్టా చెప్పిన. మళ్ల చెప్త."
అవతల పోరడు ఏదో అడిగిండు.
"ఇంక కాలే" అన్నడు రాజలింగం.
"నక్క ఇప్పుడే పండ్లు చూపెట్టింది.
ఆగు, పేజీ తిప్పనియ్యి."