అసలు

మాంట్రియల్‌లో జూలై ఒకటి,
ఊరు ఊరంతా ఇళ్ళు మారే రోజు.
పాత అద్దె కాగితాలన్నీ నిన్న రాత్రితో సరి.
వీధి పొడుగునా పరుపులు నడుస్తున్నాయి,
మనుషుల కాళ్ళు మొలిచిన ఫ్రిజ్‌లు,
ఎవరి చంకలోనో బెదిరిపోయిన పిల్లి.

డియొలిందా ఫుర్తాదు
కింది వాటా గుమ్మంలో స్టూలు వేసుకుని
తన ఇంటి ఇనప మెట్లకి కాపలా.
మెలి తిరిగిన మెట్లు. ఎంత పెద్దింటి సోఫా అయినా
రెండో మలుపులో ఒకసారి ఏడవాల్సిందే.

ఇరవై అయిదేళ్ళ కిందట
రాత్రిళ్ళు ఆఫీసులు తుడిచిన డబ్బుతో
ఈ మూడు వాటాల ఇంటికి బయానా ఇచ్చింది.
పిచ్చిదానా, అన్నాడు మొగుడు అమిల్కార్,
ఆ డబ్బు పట్టుకుని మన దీవికి పోతే
పన్నెండు ఆవులు.
ఆవుకి గడ్డి వెయ్యాలి, తెల్లారకుండా లేచి పిండాలి,
ఇల్లయితే ఊరికే నిలబడి ఇస్తుంది, అంది.

అప్పటికి తెలీదు పాపం
ఇల్లు కూడా మేస్తుందని.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దలు
అద్దెకిచ్చి చూడు అనడం మర్చిపోయారు.

నల్లట్ట పుస్తకంలో
ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది.
కప్పు మీద తారు. నగరం పన్ను, బడి పన్ను.
మంచు తోడిన కుర్రాడికి.
క్రిస్మస్ ముందురోజే చూసుకుని చచ్చిన బాయిలరు.
పై వాటా రెండు నెలలు ఖాళీ:
ఆ పేజీలో అంకె లేదు,
పెన్ను గుచ్చిన గుంట ఉంది.

మొదటి ఏడాది చివర బ్యాంకులో అడిగింది,
ఇంత కట్టినా అసలు కదల్లేదేమిటని.
ముందు వడ్డీ తింటుందమ్మా, అన్నాడు గుమస్తా,
అసలు పంక్తి చివర కూర్చుంటుంది.
పదేళ్ళు వడ్డీకే వడ్డించింది.

మూడో వాటాలో ఒకప్పుడు విల్నేర్, హైతీ కుర్రాడు,
రాత్రి టాక్సీ, పగలు నర్సు చదువు.
ఒక ఫిబ్రవరి అద్దెకి బదులు
స్నానాలగదిలో పలకలు పరిచి వెళ్ళాడు.
ఒకటి వంకర. మార్చలేదు.
ఆ తర్వాత ఒకడు చెప్పకుండా పారిపోతూ
పియానో వదిలాడు. దాన్ని దింపించడానికి
వాడి బాకీ కంటే ఎక్కువైంది.

రెండో వాటాలో జిలేన్.
కోట్ల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టి కుట్టి రిటైరైంది.
పదిహేడేళ్ళుగా ఒకటో తారీఖు ఉదయం ఎనిమిదింటికి
తలుపు కింద నుంచి కవరు జారుతుంది.
ఆ ముసలావిడ పాత అద్దె ఉన్నంతకాలం
ఇంటికి ధర రాదండీ, అంటాడు బ్రోకరు.
వారానికో కార్డు వేసిపోతాడు:
కొన్నదానికి ఏడింతలు.
డియొలిందా ఆ కార్డునే పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంది.

నిన్న బ్యాంకు ఉత్తరం. అప్పు తీరింది.
అమిల్కార్ రెండు గ్లాసులు వైన్ తాగి
పన్నెండు ఆవుల్ని క్షమించి పడుకున్నాడు.
ఆమెకి నిద్ర పట్టలేదు.
ఎడమ వరసని పేర్లవారీగా కూడింది.
జిలేన్, నెలకి ఆరు వందలు, పదిహేడేళ్ళు:
లక్షా ఇరవై రెండు వేల నాలుగొందలు.
ఇల్లు కొన్న ధరలో మూడింట రెండు పాళ్ళు
తలుపు కింద నుంచి వచ్చింది.
మళ్ళీ కూడింది. అంతే.
మరి తను తుడిచిన అంతస్తులో?
అవి ఏ వైపూ రాసి లేవు.

ఎనిమిదైంది.
జిలేన్ చెప్పుల చప్పుడు మెట్ల మీద.
తలుపు తీసే ఉంది, తొయ్యడానికి సందు లేదు.
కవరు చేతికి చెయ్యిచ్చింది, ఇన్నేళ్ళలో మొదటిసారి.
ఇద్దరికీ ఎటు చూడాలో తోచలేదు.

డియొలిందా పుస్తకం తెరిచింది. ఎడమవైపు రాసింది.
పెన్ను అలవాటుగా కుడివైపు
బ్యాంకు గడి దాకా వెళ్ళి, ఆగింది.

అంతలో మూడో వాటాకి కొత్తగా దిగినవాళ్ళ సోఫా
రెండో మలుపులో ఇరుక్కుంది.
ఇంటి ఓనరు ఎవరండీ, అని కేకేశాడు కూలి.
డియొలిందా లేవబోయింది.
జిలేన్ అప్పటికే నాలుగు మెట్లెక్కి
వెనక కోడు ఎత్తు నాయనా, ఎడమకి,
ఇంకొంచెం ఎడమకి, అంటోంది.