బరువైన వాన

అల్లిపురంలో టిఫిన్ కొట్టు మీద మేడగది.
ఇడ్లీ ఆవిరి మెట్లెక్కి వచ్చి
మాతోపాటు బెంచీల మీద కూర్చుంటుంది.
నలభై రెండేళ్ళ నేను, మైలపిల్లి కొర్లయ్యని,
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
చేతుల్లో చలి ఇంకా దిగకముందే
పెన్సిలు పట్టుకుంటాను.

ఫిలోమినా టీచర్ బోర్డు మీద రెండు వరసలు రాసింది.
ఎడమన విశేషణాలు, కుడిన నామవాచకాలు.
"ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పండి.
ఎందుకని అడగొద్దు. అలవాటు, అంతే."

వానకి "బిగ్" అన్నాను. తల అడ్డంగా ఊపింది.
"స్ట్రాంగ్" అన్నాడు పక్కనున్న లారీ క్లీనరు.
"హెవీ రెయిన్" అంది.

హెవీ.
యాభై కిలోల ఐసు దిమ్మల్ని
కొంకితో లాగే నాకు
బరువంటే ఏటో ఒకరు చెప్పాలా?
వాన బరువట. జగదాంబ సెంటర్లో ట్రాఫిక్కూ బరువేనట.
పెట్టెలకి పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు హెవీ స్మోకరట.
మా ఓనరు ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు,
ఆయన హెవీ!
టీ మాత్రం స్ట్రాంగ్.
అది నాకు ముందే తెలుసు.
పూర్ణామార్కెట్ బడ్డీలో పాతికేళ్ళుగా అలాగే అడుగుతున్నాను,
ఒక్కరూ తప్పు దిద్దలేదు.
కూల్‌డ్రింకుని సాఫ్ట్ డ్రింక్ అనాలంది.
"మెత్తగా ఉంటాదేటండీ?" అన్నాను.
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఇంటికి నడుస్తూ మన మాటలు తిరగేసుకున్నాను.
పండు వెన్నెల. పండు ముసలి.
పండు చీకటని ఎవరూ అనరెందుకు?
పచ్చి చేప సరే, పచ్చి అబద్ధం సరే,
పచ్చి బాలింత —
మా పెద్దది పుట్టిన రోజు
అమ్మ ఆ మాట అని నా మొహాన తలుపేసింది.
అర్థం అడక్కుండానే
వాకిట్లో నిలబడి వణికాను.
కటిక చీకటి. కటిక నేల.
ఇవి నాకు ఎవరు నేర్పారు? ఏ బోర్డు మీద?
వలలో పీతల్లా
ఎప్పుడో చిక్కుకున్నాయి,
విడదియ్యబోతే వేలు కొరుకుతాయి.

సముద్రం మీద పది వాక్యాలు రాసుకు రమ్మంది.
"యాంగ్రీ సీ" అని మొదలెట్టాను.
ఎర్రసిరాతో కొట్టేసి "రఫ్" అని పెట్టింది.
గరుకట.
ఎండుచేపల చాప గరుకు. మోకు గరుకు.
నాన్న గడ్డం గరుకు.
నీళ్ళని చేత్తో తడిమి చూసినవాడెవడో
ఆ మాట పెట్టుంటాడు.
ఒప్పుకున్నాను.

కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ పోస్టుకి ఇంటర్వ్యూ.
"ఇంటి సంగతులు అడుగుతారు, తయారుగా ఉండు" అంది.
నాన్న పేరు ఎల్లాజీ అన్నాను.
లేడన్నాను.
"అయితే ముందు 'లేట్' చేర్చు.
మై లేట్ ఫాదర్. అలాగే అంటారు."

లేట్.
రాయగడ పాసింజరుకి వాడే మాట.

నాన్న తెప్పేసుకెళ్ళిన రోజు
హెవీ రెయిన్ లేదు, స్ట్రాంగ్ విండ్ లేదు,
రఫ్ సీ కూడా కాదు.
పళ్ళెంలో పోసినట్టున్నాయి నీళ్ళు.
తెప్ప భీమిలి దగ్గర దొరికింది.
మనిషి దొరకలేదు.
పద్నాలుగేళ్ళు,
రేషన్ డీలరుకీ, బీమా గుమాస్తాకీ,
పెళ్ళి పిలుపుకొచ్చి గుమ్మంలో తటపటాయించేవాళ్ళకీ
అమ్మ ఒకటే చెప్పింది:
"ఇంకా రానేదు. ఆలీసమైపోనాది."
బొట్టు తియ్యలేదు.
అమ్మకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు.

టీచర్ నన్ను బోర్డు ముందుకి పిలిచి
గట్టిగా చెప్పమంది.
నోట్లో ఉప్పు ఊరింది. మింగాను.
"మై లేట్ ఫాదర్" అన్నాను.
"వెరీ గుడ్. చాలా సహజంగా వచ్చింది" అని
లారీ క్లీనర్ని లేపింది.