కాంటా చీటీ

జాబితా చంద్రపూర్ నుంచి సోమవారమే వచ్చింది.
పద్నాలుగు పేర్లు, దేవనాగరిలో,
ఒక్కో పేరు పక్కన అంగీ నంబరు.
అడుగున పెన్సిలుతో ఒక ముక్క:
"ఇంకో ఐదుగురు వస్తారు. చూడండి."

చూడటమే నా కొలువు.
బల్లార్షా బొగ్గు గని గేటు దగ్గర
ఇరవై రెండేళ్లుగా కాంటా బాబును.
లారీ ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది,
అది ఆగిందాకా నేనూ ఆగుతాను.
డ్రైవర్లు హారన్ కొడతారు. కొట్టనీ.

ఫాల్గుణం. వర్ధా అవతల మోదుగులు అంటుకున్నాయి.
పేపర్ మిల్లు గాలి మైదానం మీద
ఉడికిన గడ్డి వాసనేస్తూ పడుకుంది.
హోమ్ ప్లేటు మీది బొగ్గుపొడిని చెప్పుతో తుడిచి
వెనకాల కుర్చీ వేసుకున్నాను.

నంబర్లున్నవాళ్లు నీలం అంగీల్లో దిగారు.
లేనివాళ్లు ఎవరి అంగీతో వాళ్లు;
ఒకడి వీపు మీద ఎరువుల కంపెనీ,
ఒకడి వీపు మీద ఏదో ఊరి పెళ్లి బ్యాండు.

సిరొంచ నుంచి రాత్రి బస్సులో
నిలబడే వచ్చాడట ఆత్రం జంగు.
పదిహేడేళ్లు. జొన్నచేన్లో మంచె మీద
వడిసెల తిప్పిన భుజం.
మొదటి బంతి క్యాచర్ తల మీంచి పోయి
నా టీ గ్లాసు పగలగొట్టింది.
రెండోది కనబడలేదు,
గ్లవ్‌లో చప్పుడొక్కటే వినబడింది.
మూడోదానికి నేనే కుర్చీ జరుపుకున్నాను.
రాసుకున్నాను:
వేగం ఉంది. ఇల్లు తెలియదు.

దుర్గం ఓదెలుకు ముప్పై దాటాయి.
ఇరవై ఏడన్నాడు. పోయినేడూ ఇరవై ఏడే.
రాజురాలో సైకిళ్లకు పంక్చర్లేస్తాడు.
మూడేళ్లుగా పిలుస్తారు,
మూడేళ్లుగా అరటిపండు చేతిలో పెట్టి పంపుతారు.
బ్యాటు పడితే ఓ మోస్తరు.
ఉరికితే నడిచినట్టే.
క్యాచర్‌గా గొంతుక్కూర్చుంటే మోకాళ్లు టక్కుమంటాయి.
ఆ చప్పుడు నాకు ఎరుకే,
నావీ అట్లనే పోయినయి.

నాలుగో బంతికి ముందు వాడు లేచి,
మెల్లగా జంగు దాకా పోయి
చెవిలో ఏదో అన్నాడు.
ఐదోది వచ్చి గ్లవ్‌లో ఆగింది,
కాంటా నట్టనడుమ ఆగిన లారీ లెక్క.
ఆరోది అక్కడే. ఏడోదీ అక్కడే.

"ఏమన్నవురా వానితోని?"
"ఏం లేదు సార్.
పిట్టను కొట్టకు, అది వాలే కంకిని కొట్టు అన్న."

ఇది ఏ గడిలో రాయాలి?
నాకిచ్చిన కాగితంలో పరుగుకు గడి ఉంది,
విసురుకు ఉంది, బ్యాటుకు ఉంది.
మిగతా ముగ్గురిలో ఒకడు బాగా ఉరికాడు,
ఒకడు బంతి జారవిడిచి బాగా ఏడ్చాడు,
పెళ్లి బ్యాండువాడు అన్నం తిన్నాక కనబడలేదు.
వాళ్లకు గడులు సరిపోయాయి.

సాయంత్రం చంద్రపూర్ నుంచి ఫోన్.
"ఆ ఐదుగురూ మనవాళ్లకు బంతులేయడానికే భావూ,
మరీ లోతుకు పోకండి. టీమ్ అయిపోయింది."

అయిపోయిందట.
లారీ రాకముందే చీటీ చింపిచ్చిన బాబులను
నేను చూశాను.
వాళ్లవి మేడలు. నాది రేకుల ఇల్లు,
వాన పడితే మాట వినబడదు.

ఓదెలు గ్లవ్ తాడు ముడేసుకుంటూ అడిగాడు,
"సార్, నా ఖాళీ బరువెంత?"
నవ్వుతూనే అడిగాడు.
జంగు పక్కనే నిలబడి
బస్సు చార్జీకి చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు,
రెండుసార్లు.

జాబితా తీశాను.
పద్నాలుగో పేరు కింద నా పెన్నుతో
రెండు పేర్లు రాశాను,
తెలుగులో.

కొట్టేస్తారేమో. కొట్టేయనీ.
ముందు ఇదేందని
ఆఫీసులో తెలుగొచ్చిన ప్యూన్‌నెవర్నో పిలవాలి.
వాడు చేతులు తుడుచుకుని వచ్చి,
కళ్లజోడు వెతుక్కుని,
అందరి ముందూ
పైకి చదవాలి.