తోడు

మైపాడు సముద్రం ఎంతో దూరం కాదు,
బస్సెక్కి దిగితే కాళ్ళు తడుస్తాయి.
అయినా వేదాయపాళెంలో, మొదటి అంతస్తులో,
బస్తా మూతి కోసి
కొత్తగా సముద్రం కలుపుతున్నాను.

ఒడ్డు నీళ్ళు పనికిరావు.
పెన్న తెచ్చిన ఒండ్రు, రొయ్యల గుంటలు వదిలిన నురగ.
పగలంతా ఆ గుంటల్లో ఉప్పు కొలిచేది నేనే గనక
వాటి సంగతి నాకు తెలుసు.

పాత తొట్టి రెండడుగులది.
రోహిణీ కార్తెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రాత్రి
విసనకర్రతో నీళ్ళకు విసిరాను.
సుగుణ ఐసుముక్కలు సంచుల్లో కట్టి తేలేసింది.
తెల్లారేసరికి పగడాలు తెల్లబోయాయి.
ఆ మాటకు అసలు అర్థం ఆ పొద్దు తెలిసింది:
రంగంతా వదిలేసి
ఉడికిన గుడ్డు తెల్లసొనలా వేలాడటం.
మూలరాయి చాటున
బఠాణీ గింజంతది ఒక్కటే మిగిలింది.

చిన్న నీళ్ళకు కోపం తొందర.
పెద్ద నీళ్ళు కాస్త ఆలోచించి వేడెక్కుతాయి.
అందుకే ఈసారి ఆరడుగులు, ఏడొందల లీటర్లు.

ఏడొందల లీటర్లంటే ఏడొందల కిలోలు,
రాళ్ళూ ఇనప స్టాండూ కాకుండా.
కింద వాటాలో ఖాదర్‌బాషా గారు లెక్కగట్టి
నిద్ర మానేశారు.
మంచం మీద వెల్లకిలా పడుకుని
కప్పు వంకే చూస్తున్నారని వాళ్ళావిడ చెప్పింది.
మేస్త్రీ చెంచయ్య వచ్చి, గోడకు చెవి ఆనించి,
'దూలం ఈడ ఉండాది.
జానెడు జరిపినా నా పూచీ లేదబ్బయా' అని
సుద్దముక్కతో గీత గీశాడు.
మా సముద్రానికి చెలియలికట్ట ఆ గీతే.

ముప్పై అయిదు క్యాన్ల మంచినీళ్ళు మెట్లెక్కించాం.
లీటరుకు ముప్పై అయిదు గ్రాములు ఉప్పు.
ఆ రోజే ఆస్పత్రి పనిమీద
ఇస్కపల్లి నుంచి పెంచలయ్య మామ వచ్చాడు.
నలభై ఏళ్ళు కయ్యల్లో నీళ్ళెండబెట్టి
ఉప్పు లాగిన మనిషి.
నేను ఉప్పును తిరిగి నీళ్ళల్లో పోస్తుంటే
గడప మీదే నిలబడిపోయాడు.

'ఎంతకు కొన్నావు?'
చెప్పాను.
చాలాసేపు మాట్లాడలేదు.
'మా ఉప్పుకు ఆ రేటు పలికుంటే
నా అరికాళ్ళు ఇట్టా పగిలేవి కావు.'

తర్వాత వేలు ముంచి, నాలుక్కి రాసుకుని,
కళ్ళు మూశాడు.
'ఇంకో రెండు దోసిళ్ళు పడాల.'
మీటరు కంటికి పెట్టుకుని చూశాను.
నిజమే, తక్కువుంది.

పాత తొట్టిలోంచి ఒక రాయి తీసి
కొత్త నీళ్ళలో దించాను,
గోరువెచ్చటి పాలలో సుగుణ
అరచెంచా పెరుగు వేసినట్టే.
కంటికి కనపడనివేవో ఆ రాయిలో ఉన్నాయి.
వాటితోనే ఈ నీళ్ళు తోడుకోవాలి.
మూత తీసి తీసి చూడకూడదంటుంది తను.
నేను రోజూ గాజుగొట్టంలో నాలుగు చుక్కలు పోసి
ఆకుపచ్చ ఎప్పుడు పసుపవుతుందా అని చూసేవాణ్ణి.

వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు: 'చేపలేవి?'
ఇంకా రాలేదు.
'మరి రాళ్ళనా చూస్తుండావు?'
అవును.
గోధుమరంగు జిడ్డు పట్టింది, పోయింది.
రాయి మీద సూదిమొనంత గులాబీ చుక్క కనపడితే
సుగుణను నిద్రలేపి తిట్లు తిన్నాను.

నలభై ఒకటో రోజు బఠాణీ గింజను మార్చాను.
ముడుచుకుంది.
మూడు రోజులు అట్టాగే.
సుగుణ అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగోనాడు అల్పపీడనం.
సందెవేళకే చీకటి, వాన, కరెంటు పోయింది.
ఇన్వర్టరు మీద ఒక్క పంపు మాత్రం గొణుగుతోంది.
తలుపు చప్పుడైంది.
చేతిలో టార్చితో ఖాదర్‌బాషా గారు,
లుంగీ అంచు తడిసి.

కప్పు కారుతోందేమోనని గుండె జారింది.
'అది కాదు,' అన్నారాయన.
'మీ నీళ్ళు ఎట్టుండాయోనని.'

వెలుగు సూటిగా కొట్టొద్దన్నాను.
ఆయన టార్చికి అరచెయ్యి అడ్డంపెట్టి
వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెం వదిలారు.
అద్దానికి ముక్కు ఆనించి,
పెదవులు కదిలిస్తూ
లెక్కపెట్టారు.

'ఎనిమిది వేళ్ళు' అన్నారు, గుసగుసగా.