అసలు

కుయ్‌ల్యూక్ బజారులో మూడో వరస,
చేపల నీచు ఆగి ధనియాల వాసన మొదలయ్యే చోట
మా అమ్మమ్మ అగ్రాఫేనా ఖెగాయ్ బల్ల.
నీలం ఎనామిల్ బేసిన్ల నిండా క్యారెట్.
తురుము కాదు, కత్తితో
దారాల్లా తీసిన క్యారెట్.

సియోల్ నుంచి వచ్చిన కుర్రాడొకడు
రెండు వేళ్లతో ఓ పోగు నోట్లో వేసుకుని
మర్యాదగా నమిలి, మర్యాదగానే అన్నాడు:
"బాగుంది. కానీ అసలుది కాదు కదా.
మా దగ్గర ఇలాంటిది లేదు."

వాడి మాట ఆమెకి సగమే అందింది.
ఆమె మాట వాడికి వాళ్ల ముత్తాత గొంతులా వినపడి ఉంటుంది.
మధ్యలో నేను తడబడుతూ అటూ ఇటూ మోశాను.
"లేదన్నాడా, పాపం?" అంది అమ్మమ్మ.
"అయితే అరకిలో కట్టు."

రైలు దించిన ఏడాది
వాళ్లమ్మ కొంగుమూటలో మిరపగింజలున్నాయట.
క్యాబేజీ గింజలు మాత్రం లేవు.
ఊరేయడానికి ఆకు లేక
చలికాలమంతా చేతులు ఊరికే ఉప్పు కోసం తడుముకునేవట.
పక్కింటి ముకర్రమ్, పలావుకని తరిగిన క్యారెట్లో
ఓ దోసెడు గోడ మీంచి అందించింది.
వెనిగర్, వెల్లుల్లి, కారం,
దంచిన ధనియాలు. ఆపైన
పత్తిగింజల నూనె పొగలొచ్చేదాకా కాచి పోస్తే
చుయ్యిమన్న ఆ చప్పుడుకి
వాళ్లమ్మ ఆ నేలమీద మొదటిసారి ఏడ్చింది.
ఘాటుకేననుకున్నారు అందరూ.

"అసలు ఆ రైల్లోనే పోయిందే,
మేం తిన్నదంతా వడ్డీ" అనేది అమ్మమ్మ,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.

ఇప్పుడు నేను అన్‌సాన్‌లో, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో.
క్యాంటీన్లో పూటపూటా కిమ్చీ,
ఎర్రగా, పుల్లగా, వంక పెట్టలేనంత బాగా.
దాని ముందు నా నాలుక
చుట్టంలా ముడుచుకు కూర్చుంటుంది.
మా వీధి చివరి కొట్లో
క్యారెట్ డబ్బా మీద చీటీ: విదేశీ వంటకం.

మొన్న ఆదివారం నేనే చేశాను.
ఇక్కడి క్యారెట్‌కి నీరెక్కువ.
పత్తినూనె దొరక్క సోయానూనె కాచాను.
వీడియోలో చూపిస్తే అమ్మమ్మ కళ్లు చిట్లించి
"ఇదేం రంగే? మనది కాదిది" అంది.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత ఫోనుకి ముక్కు ఆనేంత దగ్గరికొచ్చి,
"ధనియాలు వేయించావా,
పచ్చివే దంచావా?"