నలభై సెకన్లు

వాటర్‌టౌన్‌లో మంచు కురవదు, దిగబడుతుంది.
అయిదింటికే లేచి బస్సు అద్దం గీకుతాను,
పదిహేడేళ్ళుగా అదే గీకుడు.
ఇంజను దగ్గి దగ్గి గొంతు సవరించుకునేలోపు
ఫ్లాస్కులో కాఫీ సగమైపోతుంది.

నా దారిలో పందొమ్మిదో స్టాపు
సైనికుల క్వార్టర్ల మలుపు.
అక్కడ పేర్లు నోటికి అలవాటయ్యేసరికి మారిపోతాయి.
నాన్నకి బదిలీ, అమ్మకి బదిలీ,
సామాన్ల లారీ, మంచులో ఒంటరి చక్రం ఒకటి.
వెళ్ళే పిల్లలు చెయ్యూపరు.

ఇసాండ్రో ఒకాసియో సెప్టెంబరులో ఎక్కాడు.
పద్నాలుగేళ్ళు. ఇది ఏడో బడి.
చివరి సీటు, ముక్కుదాకా టోపీ.
పిన్ని దగ్గర ఉంటాడు, ఆవిడకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
అమ్మ సార్జెంటు, ఎడారిలో లారీలు బాగుచేస్తుందట.
ఎక్కడని అడిగితే "అక్కడ" అన్నాడు,
అదే ఊరి పేరైనట్టు.

అక్టోబరులో సీటు కత్తితో కోశాడు.
నవంబరులో ఒకడి పన్ను రాలగొట్టాడు.
బడివాళ్ళు ఫైలు మీద రాశారు:
ప్రమాదపు అంచున ఉన్న బాలుడు.
నేను పై అద్దంలోంచి చూశాను.
అంచూ గించూ ఏమీ కనబడలేదు,
తొడుగుల్లేని రెండు చేతులు కనబడ్డాయి.

శనివారం వాణ్ణి డిపోకి రమ్మన్నాను.
దబ్బనం, దారం చేతికిచ్చి పక్కన కూచున్నాను.
కుట్లు వంకర.
ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను.

ఎవరూ సభ పెట్టలేదు.
ఎదురింటి సీనా, సమోవా మనిషి, భర్తా "అక్కడే",
మంగళవారాలు రెండు గిద్దెల బియ్యం ఎక్కువ పోసేది.
మోకాలి కింద కాలు లేని ముసలి ప్రిట్చర్డ్
మంచు ఎత్తే మిషను విప్పి
"పదో నంబరు స్పానర్" అనేవాడు, అంతే,
గంటకి నాలుగు మాటలు.
పిన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఓ చీటీ:
ఏ రాత్రి ఎవరు.

జనవరిలో ఒక నల్లకారు మలుపు తిరిగింది,
మెల్లగా, ఇంటి నంబర్లు చదువుకుంటూ.
వీధి పొడుగునా కర్టెన్లు కదిలాయి.
బస్సులో పదకొండుమంది పిల్లలు, ఒక్క ఊపిరి లేదు.
ఇసాండ్రో లేచాడు.
నడవలోంచి ముందుకొచ్చి
సీనా చిన్నకూతురి పక్కన కూలబడి
దాని కళ్ళమీదికి తన టోపీ లాగాడు.
ఎవరు నేర్పారు వాడికి?

కారులోంచి దిగింది బీమా ఏజెంటు.
దారి తప్పాడట.
మేమెవరం నవ్వలేదు.
ఆ రోజు బడికి పావుగంట ఆలస్యం,
కారణం అన్న గడిలో "మంచు" అని రాశాను.

ఏప్రిల్లో వాళ్ళమ్మ వచ్చింది.
జెండాలు, బెలూన్లు, నీలం క్రీము కేకు.
సీనా ఫ్రిజ్ మీది చీటీ తీసెయ్యబోయింది.
రెండో వారం నుంచి కుర్రాడు
ఒక స్టాపు ముందే దిగేస్తున్నాడు.
"అమ్మ నిద్రపోదు.
లైటేసుకుని నడవలో నేలమీద కూచుంటుంది.
తలుపు చప్పుడైతే చాలు..."
మిగతాది కిటికీకి చెప్పాడు.

చీటీ మళ్ళీ అతికించాం.
కింద ఆవిడ పేరూ చేర్చాం.

నియమం ప్రకారం స్టాపులో ఇరవై సెకన్లే ఆగాలి.
పందొమ్మిదో దగ్గర ఇంకో నలభై ఆగుతాను,
పైవాళ్ళు అడిగితే బ్రేకు మీదికి తోసేస్తాను.
నిన్న వాడెక్కాక, ముప్పై అయిదో సెకనులో
ఇంటి తలుపు తెరుచుకుంది.
పైజామా మీద సైన్యం కోటు,
ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు,
చేతిలో వాడు మరిచిపోయిన టిఫిన్ సంచి.
బస్సు మెట్టుదాకా వచ్చింది.
నా వంక చూడలేదు. ఫర్వాలేదు.
వాడు వంగి అందుకున్నాడు.

నా బస్సు తలుపు మూసేటప్పుడు బుస్సుమంటుంది,
ఊళ్ళో అందరికీ తెలుసు.
మీట వదిలేసి, సీట్లోంచి లేచి,
రెండు చేతులా పట్టుకుని
చప్పుడు కాకుండా
మెల్లగా దగ్గరికి లాగాను.