దగ్గు

ఆమదాలవలస టేషన్ రోడ్డు.
రూపాయి బిళ్ళ వీపుకి మేకు అతికించి ఇచ్చాడు
వెల్డింగు కొట్టు సూర్నాయుడు.
రెండో ఆట వదిలేశాక, రోడ్డు ఖాళీ అయ్యాక,
తారులోకి దిగ్గొట్టేం దాన్ని
నేనూ, నీలమణి స్టూడియో అసిరి మావా.

కెమెరా, కూర్మారావు టీకొట్టు బల్ల మీద
కన్నం పెట్టిన డాల్డా డబ్బాలో.
డబ్బా వెనక నేను
కడిగిన గ్లాసే కడుగుతూ.
చిక్కేటంటే, ఆ పాత యాషికా మీట నొక్కితే
'టక్కు' మని రోడ్డవతలికి వినబడేది.
అందుకని కూర్మారావు దగ్గేవాడు.
మనిషి వంగగానే ఒక దగ్గు,
దగ్గులో టక్కు.

రీలుకి ముప్పయ్యారే.
అదృష్టం బాగుంటే ముప్పయ్యేడు.
వంగిన ప్రతివాడికీ ఖర్చుపెట్టలేం.
వంగినవాడు మళ్ళీ వంగాలి,
గోరుతో గీకాలి, అటూ ఇటూ చూడాలి,
చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాలి.
"ఉండరా, ఇంకా పండలేదు" అనేవాడు మావ
పేపరు చాటునుంచి.

డ్రిల్లు మేష్టారు నోట్లో ఈలతోనే వంగాడు,
ముక్కినప్పుడల్లా ఈల మోగింది.
టికెట్ కలెక్టరు కావాలని టోపీ జారవిడిచి
దానికోసం వంగినట్టు వంగాడు.
టోపీ ఒక్కటే లేచింది.
చెరుకుబండి తవిటయ్య ఎడ్లనాపి
ముల్లుకర్రతో పొడిచాడు రూపాయిని.
వెనక బళ్ళు ఫేక్టరీ గేటుదాకా ఆగిపోయాయి.

నవ్వు అప్పుడే వచ్చేది కాదు.
రీలు నిండాలి.
రెండు పెళ్ళిళ్ళు, ఒక సమర్త, ఒక శవం
అదే రీల్లో పడాలి.
ఆ తరవాత ఎర్రబల్బు కింద
హైపో వాసనలో, తొట్టిలో,
తెల్లకాగితం మీద ముందు నడ్డి తేలేది
తరవాత చెయ్యి
ఆఖర్న ముఖం.
మూడు వారాల కిందటి తవిటయ్య
నీళ్ళలోంచి మమ్మల్ని చూసేవాడు.
మావ గోడకి జారబడి
చప్పుడు రాకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా...

అద్దాలబీరువాలో క్లిప్పులు పెట్టి వేలాడదీశాం.
తవిటయ్య ముల్లుకర్రతోనే వచ్చాడు.
"ఏటిరా అసిరీ, నా పరువు గాజుపెట్లో ఎట్టీసినావా?"
తిడుతూ తిడుతూ ఆగి
చాలాసేపు చూసుకున్నాడు.
పుట్టి బుద్ధెరిగాక అతనికదే మొదటి ఫొటో.
"సర్లే గానీ, కాపీ ఎంతేటి?"
ఇంకాసేపటికి, గొంతు తగ్గించి,
"నడుం వంగిపోనాది గదా,
కొంచెం నిలబెట్టీలేవా?"

ఇరవైమూడో బొమ్మ మాత్రం వేలాడదీయలేదు.
మజ్జిగ దాలమ్మ.
నెత్తిమీద కుండ అలాగే ఉంది,
నిటారుగా గొంతుక్కూర్చుంది రోడ్డుమధ్య.
గీకలేదు.
కొంగుతో బిళ్ళమీది దుమ్ము తుడిచి
వేళ్ళు కళ్ళకద్దుకుంది.
"ఎవులిదో పాపం, తొక్కకండర్రా."
కూర్మారావు దగ్గడం మర్చిపోయాడు.
టక్కు ఒక్కటే వినబడింది.
ఆ రీలు మొత్తమ్మీద
డబ్బా కన్నంలోకి సూటిగా చూసింది
ఆమె ఒక్కతే.
ప్రింటు ఆరకముందే కవర్లో పెట్టేసి
మావ ఆ పూటంతా నన్ను ఊరికే కసిరాడు.

మొన్న బస్సులో పక్క కుర్రాడు
సెల్లులో ఏదో చూపించాడు.
ఎవడో ఉలిక్కిపడ్డాడు, ఎవరో నవ్వారు,
అంతా ఒకే క్షణంలో.
బాగానే ఉంది, నేనూ నవ్వేను.
తడి కాగితం కోసం కాబోలు
వేళ్ళు మాత్రం తడుముకున్నాయి.

స్టూడియో ఇప్పుడు రీచార్జి కొట్టు.
ఫేక్టరీ కూత లేదు, మడ్డి వాసనా లేదు.
రోడ్డు మీద రోడ్డు, దాని మీద మరో రోడ్డు వేశారు.
రూపాయి అడుగునే ఉండుంటుంది
మేకుతో సహా.
కూర్మారావు పోయి పన్నెండేళ్ళు.

అయినా ఆ వీధిలో నడుస్తుంటే
వెనక ఎవరైనా దగ్గారా,
టక్కున ఆగిపోతాను.
కింద చూస్తాను.
అటూ ఇటూ చూస్తాను.
వంగి
చెప్పు సర్దుకుంటాను.